భర్త దాచుకున్న సీసాలను భార్య తన అతిథులకు పోస్తే దొంగతనమా?

ప్రశ్న: మాది విజయవాడ. ఉద్యోగరీత్యా ఢిల్లీలో స్థిరపడ్డాం. కొన్నేళ్లుగా నా జీతం డబ్బుతో ఒక్కొక్కటిగా కొని దాచుకున్న 22 విస్కీ సీసాలు ఇంట్లో ఉన్నాయి. నేను ఊళ్లో లేనప్పుడు నా భార్య తన బ్యాంకు సహోద్యోగులను విందుకు పిలిచి, ఇప్పుడు ఎక్కడా దొరకని సింగిల్ మాల్ట్ సీసా ఒకటి తీసి వారికి పోసింది. అదేమని అడిగితే ‘ఇంట్లో ఉన్నవన్నీ ఇద్దరివీ’ అంటోంది. ఆమెకు సగం హక్కు ఉంటుందా? ఆమె మీద గానీ, తాగినవారి మీద గానీ ఫిర్యాదు చేయవచ్చా? అల్మారాకు తాళం వేస్తే గృహహింస కేసు పెడతానంటోంది. పెట్టగలదా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, న్యూఢిల్లీ

జవాబు: యాజమాన్యం విషయంలో చట్టం మీ వైపే ఉంది. భర్త సంపాదించినది పెళ్లి అయినంత మాత్రాన దంపతులిద్దరి ఉమ్మడి ఆస్తి అవుతుందని హిందూ వివాహ చట్టం, 1955 ఎక్కడా చెప్పదు. పోర్చుగీసువారి కాలం నాటి సివిల్ కోడ్ అమలులో ఉన్న గోవా, డామన్ డయ్యూ వంటి చోట్ల అటువంటి ఏర్పాటు ఉంది. కాబట్టి మీ జీతంతో మీరు కొన్న సీసాలు మీవే. అయితే వాటిలో మీ శ్రీమతికి ఆమె పుట్టింటివారో, స్నేహితులో కానుకగా ఇచ్చినవి ఉంటే అవి పూర్తిగా ఆమె సొంతం, వాటి గురించి మిమ్మల్ని అడగవలసిన అవసరం ఆమెకు లేదు.

మీ సొత్తును ఆమె ఇతరులకు ఇవ్వడం దొంగతనం అవుతుందా అన్నది రెండో ప్రశ్న. చిత్రమేమిటంటే, ఇంచుమించు ఇదే సందేహానికి 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 378వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ అది కొనసాగుతోంది. ఒక వ్యక్తి ఒక ఇంటి ఇల్లాలిని దానం అడిగితే, ఆమె డబ్బు, అన్నం, బట్టలు ఇస్తుంది. అవి ఆమె భర్తవని పుచ్చుకున్నవాడికి తెలుసు. అయినా, ఇచ్చే అధికారం ఇల్లాలికి ఉండే ఉంటుందని అతడు అనుకున్నట్లయితే అది దొంగతనం కాదు. భోజనానికి పిలిచిన ఇంట్లో ఇంటావిడ స్వయంగా పోసి ఇచ్చిన గ్లాసును అందుకున్న అతిథి ఆ దానగ్రహీత కంటే బలమైన స్థితిలోనే ఉన్నాడు. కనుక బ్యాంకు ఉద్యోగుల మీద ఫిర్యాదు ఆలోచన విరమించుకోండి.

మీ శ్రీమతి సంగతి కొంచెం వేరు. భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే వ్యక్తి కనుక భార్య భర్త సొత్తును దొంగిలించడమన్నదే ఉండదని కొందరు వాదిస్తారు. క్రిమినల్ చట్టానికి సంబంధించినంత వరకు మన దేశంలో అటువంటి సూత్రం లేదని, దురుద్దేశంతో భర్త సొత్తును ఇంట్లో నుంచి తీసుకుపోయిన భార్య దొంగతనం చేసినట్లేనని మద్రాసు హైకోర్టు 1893లోనే, బుచ్చి అనే ముద్దాయి కేసులో చెప్పింది. అయితే అందులోని కీలకమంతా ‘దురుద్దేశం’ అన్న మాటలోనే ఉంది. ఎవరికో అక్రమ లాభం గానీ, మీకు అక్రమ నష్టం గానీ కలిగించాలన్న తలంపు ఉన్నప్పుడే చట్టం దాన్ని దురుద్దేశం అంటుంది. ఇంటికి వచ్చినవారికి మర్యాద చేయడానికి, మీరు ఇంతకుముందు ఎన్నడూ స్పష్టంగా కాదనని అల్మారాలో నుంచి ఒక సీసా తీసిన గృహిణిలో ఆ తలంపును రుజువు చేయడం నా దృష్టిలో అసాధ్యం. సీసా ధర రాబట్టుకోవడానికి సివిల్ దావాకు సిద్ధాంతరీత్యా అవకాశం ఉన్నా, లైసెన్సు లేని వ్యక్తి మద్యం అమ్మడమే నేరం కనుక, ‘ఇప్పుడు దీని విలువ ఇన్ని లక్షలు’ అన్న మీ లెక్కను కోర్టు ముందు నిలబెట్టడం కష్టం. మహా అయితే బిల్లులోని ధర దక్కుతుంది.

మీరు అడగకపోయినా, నేను చెప్పి తీరవలసినది మరొకటి ఉంది. ఢిల్లీ ఎక్సైజ్ రూల్స్, 2010 ప్రకారం 25 ఏళ్లు దాటిన వ్యక్తి తన వద్ద ఉంచుకోదగిన విస్కీ, రమ్, జిన్, వోడ్కా, బ్రాందీ అన్నీ కలిపి 9 లీటర్లు. బీరు, వైన్‌లకు 18 లీటర్ల పరిమితి విడిగా ఉంది. మీ 22 సీసాలూ 750 మిల్లీలీటర్లవే అనుకుంటే మొత్తం 16.5 లీటర్లు అవుతుంది. 2022లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, ఒక ఇంట్లో 132 సీసాలు దొరికాయి. వాటిలో విస్కీ వంటి ఘాటు మద్యం 51.8 లీటర్లు. ఆ ఉమ్మడి కుటుంబంలో 25 ఏళ్లు పైబడిన పెద్దలు ఆరుగురు ఉన్నారు కనుక పరిమితి దాటలేదని కోర్టు ఎఫ్‌ఐఆర్‌ను కొట్టివేసింది. ఈ లెక్కన మీ ఇంటికి ఇద్దరి పేరా 18 లీటర్లు వస్తుంది, మీ సీసాలు అందులో ఇమిడిపోతాయి. అంటే మీ నిల్వ చట్టబద్ధంగా నిలబడుతున్నది మీ శ్రీమతి కూడా ఆ ఇంటి మనిషి కావడం వల్లనే. ‘ఇవన్నీ నా ఒక్కడివే, ఆమెకు వీటితో సంబంధం లేదు’ అని మీరు పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇస్తే, 9 లీటర్ల పరిమితి దాటిన నిల్వ మీదేనని మీ సంతకంతో మీరే ఒప్పుకున్నట్లవుతుంది. ఢిల్లీ ఎక్సైజ్ చట్టం, 2009లోని 33వ సెక్షన్ కింద అక్రమ నిల్వకు ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. ఒక సీసా కోసం పెట్టిన కేసు మిగిలిన సీసాలన్నిటినీ స్వాధీనం చేసుకునే దాకా పోవచ్చు. బిల్లులు లేనివి, గురుగ్రామ్‌లో చవక అని కొని తెచ్చినవి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే పక్క రాష్ట్రం నుంచి తేవడం కూడా ఎక్సైజ్ చట్టం దృష్టిలో దిగుమతే.

తాళం వేసుకోవడానికి మాత్రం చట్టం అడ్డు చెప్పదు. గృహహింస నిరోధక చట్టం, 2005లో ఆర్థిక హింస అంటే ఇంటి ఖర్చులకు, స్త్రీధనానికి, కలిసి ఉంటున్న ఇంటికి, ఆ సంబంధం వల్ల ఆమెకు వాడుకునే హక్కున్న వనరులకు అడ్డుపడటం. మీ సొంత డబ్బుతో కొన్న విస్కీ అల్మారా వాటిలోకి రాదు. కానీ అదే కోపంలో ఆమె స్నేహితులు ఇంటి గడప తొక్కకూడదని ఆంక్ష పెట్టినా, ఆమెను హాల్లోకో వంటింట్లోకో రానివ్వకపోయినా పరిస్థితి తిరగబడుతుంది. అది ఆమె ఇల్లు కూడా.

నా సలహా ఏమిటంటే, తెరవకూడనివి ఏవో, అతిథులకు పోయదగినవి ఏవో మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకుని రెండు అరల్లో విడిగా పెట్టండి. వాట్సాప్‌లో ఒక్క వాక్యం రాసుకున్నా సరిపోతుంది, ఎందుకంటే స్పష్టంగా వద్దన్న తరువాత తీసినదానికీ, మౌనాన్ని అంగీకారంగా భావించి తీసినదానికీ చట్టంలో చాలా దూరం ఉంది. తాగినవారి దగ్గర ఖరీదు వసూలు చేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి, అది లైసెన్సు లేని అమ్మకమన్న వాదనకు మీరే తావిచ్చినట్లవుతుంది. విందుకు వచ్చినవారి పిల్లల్లో 18 ఏళ్లు నిండనివారికి ఎవరు పోసినా బాలల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరమని ఇద్దరూ గుర్తుంచుకోండి.

ఎప్పుడైనా విజయవాడకు తిరిగి వెళ్లే ఉద్దేశం ఉంటే సీసాలను సామాన్లతో పాటు లారీ ఎక్కించకండి. మద్యం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఉన్న అంశం కనుక ఢిల్లీ పరిమితి, ఢిల్లీ బిల్లు ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో చెల్లవు. ప్రయాణానికి ముందే అక్కడి ఎక్సైజ్ శాఖకు దరఖాస్తు చేసి, వారు రాతపూర్వకంగా అనుమతించిన మేరకే తీసుకువెళ్లండి.