బడిలో రాక్షసుల కథలెందుకు?

“పిల్లల మీద ప్రేమ ఉన్న ఉపాధ్యాయుడు పాఠం చక్కగా చెబితే చాలదా, మాంత్రికుల కథలూ రాక్షసుల కథలూ చెప్పి కాలయాపన చేయడం దేనికి?” అని ఒకరు నన్ను అడిగారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేసినవాడిగా నా జవాబు, చాలదనే.

పిల్లలంటే ప్రేమ ఉందని ప్రతి ఉపాధ్యాయుడూ అంటాడు. సన్మాన సభల్లో మరీ గట్టిగా అంటాడు. అమెరికన్ తత్త్వవేత్త నెల్ నాడింగ్స్ 1984లో వెలువరించిన గ్రంథంలో ఇక్కడే ఒక మెలిక పెట్టారు. మనం ఎంత ఆదరించినా, ఆ ఆదరణ తనకు అందినట్టు అవతలివారి నుంచి స్పందన వచ్చేదాకా అది పూర్తయినట్టు కాదన్నారు. అందాలంటే ముందు ఆ పిల్లవాడి మనసులో ఏముందో మనకు తెలియాలి కదా! అడిగితే చెప్పే పిల్లలు మా వైపు తక్కువ. “ఏటీ లేదు మాస్టారూ” అనడంతో మన పరామర్శ ముగిసిపోతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. బడి మళ్లీ తెరిచాక ఆరో తరగతి కుర్రాడొకడు, మబ్బు పడితే చాలు, ఎవరికీ చెప్పకుండా సంచి తగిలించుకొని ఇంటికి పోయేవాడు. బుజ్జగించినా, కోప్పడినా కారణం చెప్పలేదు. ఒకనాడు తరగతిలో, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న రాక్షసుడి కథ మొదలుపెట్టి, ప్రాణం ఎక్కడ దాచాడో చెప్పండని పిల్లలనే అడిగాను. తలొకటీ చెబుతుండగా వాడు లేచి, “మా తోటలో జీడిపిక్కలో దాసీసినాడు మాస్టారూ. ఏ సెట్టో మర్సిపోనాడు. అందుకే సెట్లన్నీ పీకీసి ఎతికినాడు” అన్నాడు. దొరికిందా అని అడిగితే, “నేదు, మళ్లీ వస్తాడు” అన్నాడు. వాడు మబ్బు చూసి ఎందుకు పరుగెత్తేవాడో నాకు అప్పుడు తెలిసింది. ఆ పిక్కను రాక్షసుడికి దొరకకుండా ఎక్కడ దాచాలా అని మిగిలిన గంటంతా తరగతి వాదించుకుంది, వాడే తీర్పరి. ఆ తరువాత వాడు మధ్యలో ఇంటికి పోవడం మానేశాడు. కథ వల్లనేనని నా నిశ్చయం. మరో కారణం ఎవరు చూపినా నేను ఒప్పుకోను.

ఇలాంటి కథలు వాస్తవం నుంచి పారిపోవడం నేర్పుతాయని మా సహోద్యోగులు వాదించేవారు. 1939లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ ఈ ఆక్షేపణకు బదులిచ్చారు: ఖైదీ చెర నుంచి బయటపడాలనుకోవడమూ, సైనికుడు యుద్ధభూమి వదిలి పారిపోవడమూ ఒకటి కావన్నారు. మా కుర్రాడైతే వాస్తవం నుంచి పారిపోనూ లేదు, తుపాను గురించి తిన్నగా మాట్లాడటానికి వాడికి ఒక రాక్షసుడు అవసరమయ్యాడు, అంతే.

పాఠాలకు సమయం చాలదంటారా? నేను పనిచేసిన రోజుల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్లకు ఫొటో, మరుగుదొడ్లకు ఫొటో, ఫోనుకు సిగ్నల్ దొరక్క గోడెక్కడం, వీటికి పోయిన సమయాన్ని మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు. కథల పుస్తకాలేమో, పోతే జవాబు చెప్పుకోవాలన్న భయంతో బీరువాలో తాళం కింద చెదలకు ఆహారమవుతున్నాయి. పిల్లలు చదివి చింపిన పుస్తకాన్ని నష్టం పద్దులో రాయమనే పద్ధతి పోనంతకాలం ఆ తాళం తీసే ధైర్యం ఎవరికీ ఉండదు.

మీరు చెప్పదలచుకుంటే రాక్షసుడితోనే మొదలుపెట్టండి. చివర “ఈ కథలోని నీతి ఏమిటి?” అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్న వినగానే పిల్లలు చేతులు కట్టుకొని, మనకు కావలసిన జవాబేదో అదే అప్పజెబుతారు.