చేతికి గులాబీ బ్యానర్ ఇచ్చారు సరే, చెయ్యి వాపు ఎవరు చూస్తారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. ఖమ్మం జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. నిరుడు ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) పెట్టడం అన్నీ అయ్యాయి, ఇప్పుడు మాత్రలు వాడుతున్నాను. అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని మా కాలేజీవాళ్లు పింక్ ర్యాలీ పెట్టి, బ్యానర్ నా చేతికిచ్చి అందరికన్నా ముందు నడిపించారు. కీమో రోజులకు జీతం కోసింది కూడా వాళ్లే. ఫోన్ తెరిస్తే ‘గుండె బొమ్మ పెట్టండి, ఎందుకో మగవాళ్లకు చెప్పకండి’ అని మెసేజ్‌లు. వీటివల్ల నాలాంటివాళ్లకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా? నాకు కోపం రావడం తప్పా? ఇంకోటి, ర్యాలీ నాటి నుంచి ఎడమ చెయ్యి బరువుగా ఉంటోంది, ఉంగరం బిగుసుకుంది.

జవాబు: కోపం తప్పు కాదమ్మా. అక్టోబరు వచ్చిందంటే నా ఓపీలో ఈ కోపం కనబడుతూనే ఉంటుంది, కాకపోతే చాలామంది బయటికి అనరు, అందరూ మన మంచికే చేస్తున్నారు కదా అని మింగేస్తారు. సూటిగా చెప్తాను. ట్రీట్‌మెంట్‌లో ఉన్న మీకు ఆ ర్యాలీలతో, అవగాహనకు గుర్తుగా పెట్టుకునే గులాబీ రిబ్బన్‌తో నేరుగా ఒరిగేది దాదాపు ఏమీ లేదు. జబ్బు ఇంకా బయటపడని ఆడవాళ్లకు కొంత ఉపయోగం ఉండొచ్చు, అదీ ర్యాలీ ఆగిన చోట ఒక గది, ఒక కర్టెన్, రొమ్ము పరీక్ష చేయడం వచ్చిన ఒక నర్సు ఉంటేనే.

అసలు ఈ రిబ్బన్ మొదట గులాబీ రంగుది కాదు. 1990ల మొదట్లో అమెరికాలో షార్లెట్ హేలీ అనే ఆవిడ, ఇంట్లో ఆడవాళ్లకు వరసగా ఈ జబ్బు వస్తే, పీచ్ రంగు రిబ్బన్లు చేత్తో చేసి పంచింది. ఒక్కోదానికి ఒక కార్డు తగిలించింది: జాతీయ క్యాన్సర్ సంస్థ బడ్జెట్ ఏడాదికి 180 కోట్ల డాలర్లు, అందులో నివారణకు వెళ్లేది 5 శాతమే, నాయకులను నిద్ర లేపండి అని. ఒక పత్రిక, ఒక కాస్మెటిక్స్ కంపెనీ ఆ రిబ్బన్ మాకివ్వమని అడిగితే ఇది వ్యాపారమైపోతుందని ఒప్పుకోలేదు. వాళ్లు రంగు మార్చేసి 1992లో గులాబీ రిబ్బన్ పంచారు. లెక్క అడిగిన కార్డు పోయింది, రిబ్బన్ మిగిలింది.

మీ ఫోన్‌కి వచ్చే ఆటలూ కొత్తవి కావు. 2010లో ఫేస్‌బుక్‌లో ఆడవాళ్లు లోదుస్తుల రంగు పేరు ఒక్కటీ రాసి ఊరుకున్నారు, ఎందుకని అడిగితే క్యాన్సర్ అవగాహన అన్నారు. ‘నలుపు’ అని చదివితే గడ్డ గురించి ఎవరికి ఏం తెలుస్తుంది చెప్పండి!

నా దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చింది. పిల్లలకు తన చేత్తో రిబ్బన్లు గుచ్చిన మనిషే. గడ్డ తగిలి ఎనిమిది నెలలు, నొప్పి లేదు కదా అని ఊరుకుంది. నొప్పి లేదు కాబట్టే తొందరగా రావాలి అన్న ఒక్క ముక్క ఆ ర్యాలీల్లో ఎవరూ ఆవిడకు చెప్పలేదు. చంకలో గడ్డ, చనుమొన లోపలికి లాగడం, రక్తం కారడం, చర్మం కమలా తొక్కలా గుంటలు పడటం, వీటిలో ఏదున్నా చూపించుకోవాలి. ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు పాకుతుందన్న భయం కూడా ఉత్తదే. బ్యానర్ మీద ఇవి రాస్తే ఎంత బాగుండేది.

పూర్తిగా కొట్టిపారేయను కూడా. ఒకప్పుడు భార్య జబ్బు పేరు పలకడానికి సిగ్గుపడి ‘అక్కడ ఏదో’ అనే భర్తలు ఇప్పుడు నేరుగా రొమ్ము క్యాన్సరా అని అడుగుతున్నారు. చార్మినార్‌కి గులాబీ లైట్లు వేసినందుకు అందులో ఎంతో కొంత వాటా ఉందేమో, ఒప్పుకుంటాను. కానీ ప్రాణాలు నిలబెట్టింది ఏమిటో చూడాలంటే ముంబై వెళ్లాలి. అక్కడి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి మురికివాడల్లో సుమారు లక్షన్నర మంది ఆడవాళ్లను 20 ఏళ్లు గమనించారు. సగం మందికి, పదో తరగతి చదివి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు, అలా నాలుగు సార్లు. మొత్తం మీద ఈ జబ్బు మరణాల్లో తేడా గట్టిగా తేలలేదు గానీ, 50 దాటినవాళ్లలో మాత్రం మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మిషన్ లేదు, రిబ్బనూ లేదు. షాంఘైలో మాత్రం రెండున్నర లక్షల మందికి పైగా ఫ్యాక్టరీ కార్మికులున్న పరిశోధనలో, నేర్పించి ఎవరికి వారే చూసుకోమంటే మరణాలు తగ్గలేదు, అనవసరపు బయాప్సీలే (ముక్క తీసి చేసే పరీక్షలే) పెరిగాయి. కాబట్టి చెప్పి వదిలేస్తే చాలదు, చూసే చెయ్యి ఒకటి ఉండాలి. మన దగ్గర 30 దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేయాలని కార్యక్రమం ఉంది, మీ కాలేజీవాళ్లు వచ్చే ఏడాది ఆ కేంద్రంలోని ఏఎన్ఎంను (నర్సును) పిలిచి స్టాఫ్‌కి, హాస్టల్ వంటావిడలకు, ఊడ్చే ఆయమ్మలకు చేయించమనండి. దేశంలో 2022లో సుమారు 1 లక్షా 92 వేల కొత్త కేసులు, 98 వేల మరణాలు అని అంచనా. ఆలస్యంగా రావడం, వచ్చాక మధ్యలో మానేయడం, ఈ రెండూ మనల్ని ముంచుతున్నాయి. మధ్యలో మానేసేది అవగాహన లేక కాదు, బస్సు ఖర్చులు, పోయిన కూలీ, కోసేసిన జీతం వల్ల.

మళ్లీ బ్యానర్ ఇస్తే వద్దని చెప్పే హక్కు మీకుంది. గెలిచిన యోధురాలు అని మైకులో అంటుంటే నాలుగో స్టేజీలో (జబ్బు వేరే భాగాలకు పాకి) ఉండి జీవితాంతం మందులు వాడేవాళ్లకు ఎలా ఉంటుందో కూడా ఎవరూ ఆలోచించరు. ప్రిన్సిపాల్ గారిని అడగాల్సింది రిబ్బన్ కాదు, చెకప్ రోజుల సెలవు, జీతం.

ఇక చెయ్యి. చంకలో గ్రంథులు తీసి, కరెంటు కూడా పెట్టినవాళ్లలో కొందరికి నీరు చేరి చెయ్యి వాస్తుంది. బ్యానర్ మోసినందుకే వచ్చిందని అనుకోకండి, ముందే మెల్లగా మొదలై బరువు పడిన రోజు మీకు తెలిసి ఉండొచ్చు. ఉంగరం, గాజులు ఇవాళే తీసేయండి, ఇంకా వాస్తే వాటిని కోసి తీయాల్సి వస్తుంది. ఈ వారంలోనే మీ సర్జన్‌కి చూపించండి, రక్తం గడ్డకట్టడం లాంటిది లేదని తేల్చుకోవాలి. తర్వాత ఫిజియోథెరపిస్టు టేపుతో రెండు చేతులూ కొలిచి వ్యాయామాలు, మర్దన నేర్పిస్తారు, బిగుతు తొడుగు మాత్రం వాళ్లు కొలత తీసి ఇచ్చిందే వేసుకోండి, మందుల షాపులో కనబడింది కొనకండి. భయపడి చెయ్యి కదపకుండా ఉండొద్దు, బోర్డు మీద రాయొచ్చు. చెయ్యి ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చలి జ్వరం వచ్చినా ఉదయం దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.