ఇటలీ కొండ పట్టణాలకు గ్రూపు బస్సు టూరు: పెద్దవాళ్లను పంపే ముందు ఏమేమి అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అరవై దాటిన అమ్మానాన్నలు సియెనా, సాన్ జిమిన్యానో, అసీసీ, ఓర్వియేతో లాంటి పాత ఊళ్లు చూడాలనుకుంటున్నారు, గ్రూపు టూరులో బస్సు మీద పంపాలా, రైలు టికెట్లు కొని సొంతంగా తిరగమనాలా? శాకాహారులు కాబట్టి తిండి సంగతి కూడా అడిగారు. మా అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకుని మేము దాదాపు ఇదే దారిలో బస్సు టూరుకు వెళ్లివచ్చాం. రోమ్, ఫ్లోరెన్స్ వరకైతే రైలు హాయి. కొండల మీది ఊళ్లకు మాత్రం పెద్దవాళ్లతో బస్సే మేలని నా గట్టి నమ్మకం.

సాన్ జిమిన్యానోకు అసలు రైలు లేదు. పొజ్జిబోన్సీలో దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి. అసీసీ స్టేషను కొండ కింద మైదానంలో ఉంటుంది, సియెనా స్టేషనూ ఊరికి దిగువనే. పెట్టెలు ఈడ్చుకుంటూ ఇన్నిచోట్ల ఎక్కి దిగడం వాళ్ల వల్ల కాదు. టూరులో పొద్దున బస్సులోకి ఎక్కించిన పెట్టెను మళ్లీ రాత్రి హోటలు దగ్గరే దింపుతారు.

అంతమాత్రాన నడక తప్పుతుందని అనుకోకండి. పాత ఊరి ప్రాకారం లోపలికి టూరు బస్సులను రానివ్వరు. సాన్ జిమిన్యానోలో మమ్మల్ని కింది ద్వారం బయట దింపారు. అక్కడి నుంచి రాళ్లు పరిచిన వీధి ఎక్కుతూనే ఉండాలి. మామగారు ఆగకుండా ఎక్కేశారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. దారిలో ఆగుతూ ఆగుతూ పైకి వచ్చి, చిస్తెర్నా కూడలిలో పాత బావి చుట్టూ ఉన్న మెట్ల మీద కూర్చున్నారు. “మీరు తిరిగి రండి, నేను ఇక్కడే ఉంటాను” అన్నారు. అలా కూర్చునే ఆవిడ ఊరి టవర్లు చూశారు. ధనిక కుటుంబాలు పోటీలు పడి కట్టుకున్న ఆ టవర్లు ఒకప్పుడు 72 ఉండేవని చెబుతారు. ఇప్పుడు పద్నాలుగు దాకా మిగిలాయి. 1348 ప్లేగు ఊరిని కుంగదీసింది. కొత్తగా కట్టే స్తోమత పోవడం వల్లే పాతరూపం ఇంతగా నిలిచింది.

కాబట్టి డబ్బు కట్టే ముందు కంపెనీవాళ్లను ప్రతి ఊరి గురించీ అడగండి: బస్సు ఎక్కడ ఆపుతారు, అక్కడి నుంచి ఎంతసేపు ఎక్కాలి, ఎస్కలేటరు వంటిది ఉందా? సియెనాలో కింది నుంచి ఊళ్లోకి ఎస్కలేటర్లు ఉన్నాయి. ఓర్వియేతోలో స్టేషను దగ్గర నుంచి కొండ మీదికి కేబులుతో లాగే చిన్న రైలు ఉంది. ఆ ఊళ్లో సాన్ పాత్రిజియో బావి చూపిస్తామంటే మాత్రం మోకాళ్లను దృష్టిలో పెట్టుకోండి. దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి మరో 248. నీళ్లు మోసే గాడిదలు ఒకదానికొకటి ఎదురుపడకుండా దిగే మెట్లు, ఎక్కే మెట్లు విడివిడిగా చుట్టూ తిప్పి కట్టారు. మేము దిగాం, పెద్దవాళ్లిద్దరూ పైనే ఉండిపోయారు.

గైడు ఉంటే ఏమి లాభమని కూడా అడిగారు కదా. సియెనాలో నాకు అది బాగా తెలిసింది. కాంపో అనే పెద్ద కూడలి నగరసభ భవనం వైపు వాలుగా ఉంటుంది. నేలంతా ఎర్ర ఇటుక. తెల్లరాతి చారలు దాన్ని తొమ్మిది భాగాలుగా విడదీస్తాయి. స్థానిక గైడు మమ్మల్ని అక్కడ నిలబెట్టి ఆ భాగాలను లెక్కపెట్టించింది. తరువాత భవనం లోపలికి తీసుకెళ్లి, ఒకప్పుడు నగరాన్ని పాలించిన తొమ్మిదిమంది సభ్యుల మండలి కూర్చున్న గది చూపించింది. ఆ గోడల మీద అంబ్రోజియో లోరెంజెత్తి 1338–39లో వేసిన చిత్రాలున్నాయి. ఒకవైపు మంచి పాలనలో కళకళలాడే బజారు, పొలం పనులు. మరోవైపు చెడ్డ పాలనలో పాడుబడిన ఇళ్లు. పాలకులు తమ నిర్ణయాలు ఆ గోడల మధ్యే తీసుకునేవారు! అదే ఊళ్లో పెద్ద చర్చిని ఇంకా భారీగా విస్తరించాలని 1339లో మొదలుపెట్టి ప్లేగు తరువాత వదిలేసిన మొండిగోడ కూడా చూశాం. నేను ఒక్కడినే వెళ్లి ఉంటే ఆ నేలను ఫోటో తీసుకుని వచ్చేసేవాడిని.

అందుకే ఊళ్ల సంఖ్య చూసి టూరు ఎంచుకోవద్దు. సియెనాకు కనీసం సగం రోజు ఉండాలి. రోజుకు మూడు ఊళ్లు చూపిస్తామంటే, అందులో చాలా భాగం బస్సు కిటికీ దగ్గరే గడుస్తుంది. రాత్రి బస ఎక్కడో కూడా చూడండి. చాలా గ్రూపులకు ఈ పాత ఊళ్లలో కాకుండా దూరంగా మోంతెకతీనీ, కియాంచియానో లాంటి వేడినీటి బుగ్గల పట్టణాల్లో హోటళ్లు ఇస్తారు. ధర తగ్గుతుంది, కానీ సాయంత్రం జనం వెళ్లిపోయాక పాత ఊరి వీధుల్లో తిరిగే భాగ్యం పోతుంది. కనీసం ఒక్క రాత్రి అసీసీలోనో, సియెనాలోనో ఉండే టూరు దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టండి.

టైము విషయంలో టూర్ మేనేజరు కఠినంగా ఉంటే నొచ్చుకోవద్దని అమ్మానాన్నలకు ముందే చెప్పండి. యూరప్ నియమాల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవరు 45 నిమిషాలు ఆగాలి, రాత్రి విశ్రాంతికీ లెక్క ఉంది. మనం ఆలస్యం చేస్తే ఆ లెక్క తప్పి, తరువాతి ఊరికి సమయం తగ్గిపోతుంది.

ఇక తిండి. గ్రూపు భోజనంలో మెనూ ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి మాంసం, చేప, గుడ్డు వద్దని ఒక్కొక్కటీ పేరుపెట్టి బుకింగు సమయంలోనే రాయించండి. సియెనా, సాన్ జిమిన్యానో ఉన్న టస్కనీ ప్రాంతంలో చిక్కుడు గింజలు, ఆకుకూర, రొట్టె వేసి వండే రిబొల్లీతా కడుపు నిండే సూపు. మాంసం ఉడికించిన నీళ్లు పోశారేమో మాత్రం అడగాలి. వెల్లుల్లి, టమాటా సాసుతో వచ్చే పీచీ అనే లావు నూడుల్స్ మా అత్తగారికి అన్నింటికన్నా నచ్చాయి. పార్మిజానో చీజు తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు, నిష్ఠగా ఉండేవాళ్లయితే అది వద్దనమనండి. టస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు. మేము తీసుకెళ్లిన కందిపొడిని ఆలివ్ నూనెలో కలిపి ఆ రొట్టెతో తిన్నాం, చాలా బాగుంది. మీవాళ్ల పెట్టెలోనూ ఒక చిన్న డబ్బా పెట్టండి.