అన్నయ్యకూ కొటేషన్ ఇవ్వవలసిందే

ఉత్తరం: మా నాన్నగారికి తెనాలిలో ఫోటో స్టూడియో ఉండేది. అన్నయ్య పీజీ సీటు కోసం ఆయన రెండెకరాలు అమ్మారు. నేను డిగ్రీ రెండో ఏడాదిలో చదువు మానేసి స్టూడియోలో కూర్చున్నాను. ఇప్పుడు నాకు 38 ఏళ్లు. పెళ్లిళ్ల పని తగ్గించుకొని, ఐదేళ్లుగా గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లో డాక్టర్లకు, నర్సులకు పోర్ట్రెయిట్లు తీస్తున్నాను. అన్నయ్య విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఎముకల డాక్టరు, భాగస్వామి కూడా. అక్కడి సిబ్బందికి మూడు విడతలుగా ఫోటోలు తీశాను. నేను డబ్బు అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. పోయిన నెల 64 మందికి తీస్తుంటే అందరి ముందూ, ‘వీడు మా తమ్ముడే, నచ్చేదాకా తీయించుకోండి, ఖర్చేం లేదు’ అన్నాడు. ఇప్పుడు సెల్ఫీ ఇస్తే చాలు, ఏఐ కోటు తొడిగి ఫోటో చేసిపెడుతోంది. అన్నయ్య తమ ఆసుపత్రి మార్కెటింగ్ విభాగంలో నెలకు 30 వేలకు చేరమంటున్నాడు. నా భార్య వద్దంటోంది. ఈ వృత్తికి భవిష్యత్తు ఉందా? ఉద్యోగంలో చేరమంటారా?

జవాబు: చేరవద్దు. ఫోటోగ్రఫీ భవిష్యత్తు సంగతి పంచాంగం చూసి చెప్పగలిగేది కాదు కనుక దాన్ని పక్కన పెడదాం. గోడమీద ఏఐ చేసిన ముఖాన్ని చూసి డాక్టరు గదిలోకి వెళ్లిన రోగికి లోపల వేరే మనిషి కనిపిస్తే ఏమవుతుందో ఆసుపత్రుల వాళ్లకు మీకంటే బాగా తెలుసు.

మీ అసలు ఉత్తరం ఐదు పేజీలు, ఇక్కడ కుదించి వేశాం. అందులో మూడు పేజీలు పని గురించే రాశారు, అవి చదువుతుంటే నాకు ముచ్చటేసింది. థియేటరు నుంచి రావలసిన సర్జన్ కోసం లైట్లు సర్దుకొని రెండు గంటలు కూర్చోవడం, వచ్చినాయన నాలుగు నిమిషాలు మాత్రమే ఇవ్వడం, ఆ నాలుగు నిమిషాల్లోనే తెల్లకోటు వెలుగుకు మాడిపోకుండా, ముఖం నల్లబడకుండా చూసుకోవడం, కళ్లద్దాల్లో సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే గుడ్డ తొడిగిన లైటు) మెరవకుండా లైటును పైకెత్తి, అద్దాల కాడలను చెవుల మీద రవ్వంత లేపమనడం, వార్డులోకి వెళ్లే ముందు స్టాండ్లన్నీ స్పిరిట్‌తో తుడుచుకోవడం, వెనుక మంచం మీది రోగి గానీ కేస్ షీటు గానీ ఫ్రేములో పడకుండా కాచుకోవడం, ఇవన్నీ ఎంతో ఇష్టంతో రాశారు. రాత్రి డ్యూటీ దిగి, ముక్కు మీద మాస్కు గుర్తుతో వచ్చిన హెడ్ సిస్టర్ ‘ఇప్పుడు వద్దు బాబూ, ముఖం బాగాలేదు’ అంటే, ఆమెకు టీ తెప్పించి, పావుగంట కూర్చోబెట్టి తీశారు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో తాను ఒక్కతే ఉన్న ఫోటో అదే మొదటిదని, కూతురికి పంపుకోవడానికి ఒక ప్రింటు కావాలని ఆమె అడిగిందట. నాలుగో పేజీలో అన్నయ్య ప్రస్తావన వచ్చింది. అక్కడి నుంచి మీ అక్షరాలు కూడా చిన్నవైపోయాయి.

కనుక మీ సమస్య కెమెరాది కాదు, అన్నయ్యది.

మొదట ఆ రెండెకరాల సంగతి చూద్దాం. అమ్మింది నాన్నగారు, మీ అన్నయ్య లాక్కోలేదు. అయినా ఆ లెక్క మీ మనసులో వడ్డీతో సహా పెరుగుతూనే ఉంది, అలాంటి పద్దు ఒకటి ఉందని కూడా ఆయనకు తెలియదు. అడగని బాకీని ఎవరూ తీర్చరు. ఆయన దృష్టిలో చదువుకున్నవాడు తాను, చదువు అబ్బనివాడు మీరు, మిమ్మల్ని ఒక దారికి తేవడం తన బాధ్యత. ఆ 30 వేల ఉద్యోగం ఆయన మంచి మనసుతోనే చూపించి ఉంటాడు. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. అందులో చేరితే సంక్రాంతికి ఊరు వెళ్లడానికి సెలవు చీటీ అన్నయ్యకే రాసుకోవాలి.

తండ్రి తర్వాత తండ్రి అంతటివాడు అన్న అని నేనూ నమ్ముతాను. కానీ తండ్రి స్థానంలో కూర్చున్నవాడు తమ్ముడి కష్టాన్ని నలుగురికీ ఉచితంగా పంచిపెట్టడు. (ఈ మాటకు పెద్దవాళ్ల నుంచి కోపంగా ఉత్తరాలు వస్తాయి. రానివ్వండి.) ఆ ఆసుపత్రి ఆయన ఒక్కడిదీ కాదు. దూదికి, గ్లవ్స్‌కు, గోడల సున్నానికి కూడా బిల్లు తీసుకొని డబ్బు కట్టే సంస్థకు మీ పని మాత్రం ఖర్చు లేనిదైంది. భాగస్వాముల ముందు ఆయన పెద్దరికం మీ చెమటతో నిలబడుతోంది.

అయితే ఆయన అన్న ఒక్క మాటను పట్టుకొని నెల రోజులుగా బాధపడుతున్న మీరు, మూడు విడతల్లోనూ ముందుగా రేటు చెప్పలేదు. అది గౌరవమని మీరనుకున్నారు, మొహమాటమని నేనంటాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకు ఉంది, పత్రికలో పూర్తిగా రాయలేను. ఇక్కడ మరొకరి కష్టమూ ఉంది. రాత్రి పన్నెండు దాకా కంప్యూటర్ ముందు కూర్చొని ఆ 64 మంది ఫోటోలనూ రీటచ్ చేసింది మీ భార్య. ఐదు పేజీల ఉత్తరంలో ఆమె అభిప్రాయానికి మీరు ఇచ్చిన చోటు రెండు మాటలు.

మీ పని విలువ మీకే అనుమానంగా ఉంటే ఒక సంగతి చెబుతాను. ఆఫ్రికాలోని లైబీరియాలో ఎబోలా అంటువ్యాధి విజృంభించినప్పుడు, నిలువెల్లా ముసుగులు తొడుక్కున్న వైద్య సిబ్బందిలో రోగికి కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. మేరీ బెత్ హెఫర్నన్ అనే అమెరికా కళాకారిణి 2015లో అక్కడికి వెళ్లి, సిబ్బంది నవ్వుతున్న ఫోటోలు తీసి, వాటిని వాళ్ల ముసుగు దుస్తుల మీద ఛాతీ దగ్గర అంటించింది. కరోనా కాలంలో అమెరికా ఆసుపత్రులు కూడా ఆ పద్ధతిని అందుకున్నాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరైనా కోరి ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, ఆ తీయించుకున్నవారిదే. ప్రతిఫలం లేకుండా తీసినది తీసినవారి దగ్గరే ఉంటుంది. మీరు తెలివితక్కువగా ఉచితంగా తీసిన ఫోటోలు మీవేనన్నమాట! కోర్టుకు ఎక్కమని కాదు, హక్కులేనివాడిలా తల వంచుకొని వెళ్లకండని చెబుతున్నాను.

ఒక ఆదివారం పొద్దున ఆసుపత్రికి కాకుండా అన్నయ్య ఇంటికి వెళ్లండి. అమ్మను వెంట తీసుకువెళ్లకండి, ఆమె ఉంటే మాటలు కన్నీళ్లలోకి దిగుతాయి. పొలం ఊసు ఎత్తకండి. అయిపోయిన మూడు విడతల డబ్బూ అడగకండి. ‘అన్నయ్యా, ఇకమీదట ఆసుపత్రి పనికి ఆసుపత్రి డబ్బు ఇవ్వాలి. నీ పిల్లల పుట్టినరోజుకు మాత్రం పిలవకపోయినా కెమెరా పట్టుకొని వస్తాను’ అని చెప్పండి. ఆయన నవ్వి కొట్టిపారేస్తే మీరు నవ్వకండి. వదినగారు నొచ్చుకొని రెండు నెలలు పలకరించకపోతే ఓర్చుకోండి, పండుగకు మాత్రం మీరే ముందు వెళ్లండి.

మళ్లీ పిలుపు వస్తే కొటేషన్‌ను ఆయన పేరు మీద కాకుండా ఆసుపత్రి పేరు మీద రాయండి. మనిషికి ఎంత, ఒక్కొక్కరికి ఎన్ని ఫోటోలు, మళ్లీ తీయవలసివస్తే ఎంత, ఆ ఫోటోలను ఎక్కడెక్కడ వాడుకుంటారు, అడ్వాన్సు ఎంత, అన్నీ అందులో ఉండాలి. హెడ్ సిస్టర్ గారి ప్రింటు దాని కోసం ఆపకుండా ఈ వారమే పంపండి. రీటచింగ్‌కు కొటేషన్‌లో విడిగా ఒక వరుస వేసి, ఆ సొమ్ము మీ భార్య ఖాతాలో పడేటట్లు చూడండి.