చుండ్రు ఉన్నప్పుడు తలకు నూనె పెడితే జుట్టు పెరుగుతుందా?

చుండ్రు పోయి జుట్టు పెరగాలంటే నూనె ఇంకా బాగా పట్టించాలని ఇంట్లో అంటున్నారు, నిజమేనా అని అడిగారు కదా. కాదండి. మాడు పొడిబారడం వల్లే చుండ్రు అనుకుంటాం గానీ, చాలామందిలో దాని వెనక ఉండేది మలసీజియా అనే ఫంగస్, అది చర్మం మీది జిడ్డు తినే బతుకుతుంది, కాబట్టి రాత్రంతా మాడుకు నూనె నానబెడితే దానికి అన్నం పెట్టినట్టే. వెంట్రుకకైతే కొబ్బరినూనె మంచిదే. తలస్నానానికి గంట ముందు చివర్లకు రాసుకోండి, మాడు జోలికి పోకండి.

చుండ్రుకు కీటోకోనజోల్ (ఫంగస్‌ను తగ్గించే మందు) 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు చొప్పున 2 నుంచి 4 వారాలు వాడతారు. రుద్దిన వెంటనే కడిగేయడమే చాలామంది చేసే తప్పు. పాయలు విడదీసి, గోళ్లతో గీకకుండా వేళ్ల కొసలతో మాడుకు తగిలేలా రాసి, 3 నుంచి 5 నిమిషాలు ఆగాలి. ఈ ఒక్కటి మార్చుకున్నాకే మా చెల్లికి దురద తగ్గింది. కుంకుడు రసం వాడినా పిప్పి మిగలకుండా కడగండి, తడి జుట్టును బిగించి జడ వేయకండి.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, టెన్షన్ పడకండి. డెంగీ జ్వరమో కాన్పో అయిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా ఊడినా చాలామందికి మెల్లగా మళ్లీ వస్తుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, వారానికే తేడా కనిపించదు. గుండ్రంగా ప్యాచ్‌లు పడినట్టు ఊడినా, మాడు మీద పుండ్లు, చీము ఉన్నా చర్మ వైద్యులకు చూపించండి.