పిండస్ కొండల్లో మందుగుండు మోసింది ఆడవాళ్లే

యుద్ధంలో గ్రీకు స్త్రీలు సైనికులకు ఎలా అండగా నిలిచారని అడిగారు. ఈ మాట ఎత్తగానే చాలామంది పాతకాలపు స్పార్టా తల్లి, "దీనితో రా, లేదా దీని మీద రా" అని ఆమె కొడుక్కిచ్చిన డాలు దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే అసలు జవాబు 1940 నాటి ఉత్తర గ్రీసులోని పిండస్ కొండల్లో ఉంది.

అక్టోబరు 28 తెల్లవారుజామున ఇటలీ సైన్యం అల్బేనియా వైపు నుంచి దాడికి దిగింది. కొండయుద్ధంలో ఆరితేరిన యూలియా డివిజన్ మెత్సోవో కనుమ మీద కన్నేసింది. దాన్ని ఆపాల్సిన గ్రీకు కర్నల్ దవాకిస్ దగ్గర సుమారు 2,000 మందే. కాయాల్సిన హద్దు దాదాపు 35 కిలోమీటర్లు. లారీలు ఎక్కే దారి లేదు, వానకు కాలిబాటలన్నీ బురద. ఊళ్లలో మగవాళ్లు సైన్యంలోకి పోయారు, కంచరగాడిదల్నీ సైన్యమే తోలుకుపోయింది. ఇక తూటా పైకెక్కాలంటే ఫుర్కా, సమరీనా లాంటి ఊళ్ల ఆడవాళ్ల వీపే దిక్కు.

ఆ మోతను అక్కడ జలీకా అంటారు. చుట్టకుదురు పెట్టి తలకెత్తుకోవడం కాదు. నిట్టనిలువు ఎక్కుడులో తలబరువు నిలవదు. పెట్టెను నడుమెత్తు బండ మీద పెట్టి, దానికి వీపు ఆనించి, మేకవెంట్రుకల తాడును భుజాల మీదుగా తెచ్చి రొమ్ము దగ్గర ముడేసి, ముందుకు వంగి లేవాలి. బరువు కిందికి జారితే మనిషిని వెనక్కి లాగేస్తుంది, అందుకే భుజాలకు దగ్గరగా బిగించాలి. 75 మి.మీ. కొండఫిరంగి గుండు ఒక్కటే 6 కిలోల పైమాట. నాలుగు గుండ్లంటే పాతిక కిలోలు. కంచరగాడిద ఒక్కటి మోసేదానికి నలుగురు ఆడవాళ్లు కావాలి. గుండ్లు దించాక ఖాళీ చేతులతో తిరిగిరావడమూ లేదు, గాయపడ్డవాళ్లను కిందికి దించాలి.

దీన్ని "సాయం" అని రాసేవాళ్ల మీద నాకు కోపం. ఆ రోజుల్లో ఆ కొండల మీద సైన్యానికి రవాణా విభాగమంటే వీళ్లే. ఆ కొండల్లోనే జాగోరి ప్రాంతంలోని అస్ప్రాంగెలీ ఊరి దగ్గర వీళ్ల విగ్రహం నిలబెట్టారు, మంచిదే. కానీ ఏటా అక్టోబరు 28న వీరవనితలని పొగడటమే తప్ప, ఆ తాడు ఎక్కడ ముడేసేవాళ్లో చెప్పేవాళ్లేరీ?

పట్నాల్లోని ఆడవాళ్లు "సైనికుడి బనియను" పేరుతో ఉన్ని అల్లికలు పంపారు. అదీ చిన్న పనేం కాదు. తడిసిన నూలుమేజోడు మంచులో కాలిని గడ్డకట్టిస్తుంది, ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. అయితే బూటు ఇరుకైతే రెండు జతలు తొడగకూడదు. రక్తం ఆడక వేళ్లు నల్లబడతాయి. ఒక జత కాలికి, ఒక జత చొక్కా లోపల ఆరడానికి.