హిమాలయనా, కేటీఎమ్మా: బండి ఆగినప్పుడు చూసి కొను

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హిమాలయన్ 450 తీసుకోవాలా, కేటీఎం 390 అడ్వెంచర్ తీసుకోవాలా అని అడిగావు. ఇంజిన్ శక్తి ఒకటి 40 పీఎస్, ఇంకోటి 46 పీఎస్ అని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నట్టున్నావు. ఆ కాగితాలు కాసేపు మూసిపెట్టు. పరిగెత్తేటప్పుడు రెండూ మంచి బండ్లే. కావలి దాటి హైవే ఎక్కాక ఏది నడిపినా హాయిగానే ఉంటుంది. తేడా తెలిసేది బండి నిలబడినప్పుడు, పక్కకు ఒరిగినప్పుడు, ముల్లు దిగి ఆగిపోయినప్పుడు. ఆ మూడు చోట్లా నీ చేతికి ఏది లొంగుతుందో అది కొను.

ముందు పేర్ల సంగతి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్‌లోనూ చూస్తానన్నావు. ఈ రెండు పేర్లతో పాత బండ్లు కూడా తిరుగుతున్నాయి. పాత హిమాలయన్ 411 సీసీది, 2016లో వచ్చింది. దానికి ఇంజిన్‌ని నీళ్లతో చల్లబరిచే రేడియేటర్ లేదు, ట్యాంకు 15 లీటర్లు. కొత్తది 2023 నవంబర్‌లో వచ్చిన 452 సీసీ. పాత 390 అడ్వెంచర్ 373 సీసీ, ముందు చక్రం 19 అంగుళాలు. 2025లో వచ్చింది 399 సీసీ, ముందు 21 అంగుళాలు. పాతవాటి ధర చూసి కొత్తవాటి గుణాలు ఊహించుకోవద్దు. కేటీఎంలో ‘ఎక్స్’ అని ఇంకోటి ఉంది, అల్లాయ్ చక్రాలతో, ముందు 19 అంగుళాలతో. ధర తక్కువే, కానీ ఏ వేరియంట్‌లో క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ పట్టుకోకుండానే ఒకే స్పీడు నిలిపేది) ఉంది, ఏ దాంట్లో లేదు అన్నది సేల్స్ కుర్రాడి మాట మీద నమ్మకు. బండెక్కి మీట నొక్కి చూడు.

ఇక బరువు. హిమాలయన్ 196 కిలోలు, కేటీఎం 183 దాకా. పదమూడు కిలోలు ఒక లెక్కా అనిపిస్తుంది. రోడ్డు మీద నిజంగానే లెక్క కాదు. మీ సందులో బండిని వెనక్కి తోసి తిప్పుకునేటప్పుడు, ఇంటి ముందు వాలు మీద ఎక్కించేటప్పుడు తెలుస్తుంది. దానికి రెండు పక్కల పెట్టెలు, స్టాండు, వెనక టాప్ బాక్స్ బిగిస్తే ఇంకో 20, 25 కిలోలు కలుస్తాయి. అందుకే షోరూంలో ఎక్కి కూర్చుని దిగి రావద్దు. ఇంజిన్ ఆపించి, కాస్త ఎగువకు ఉన్న చోట వెనక్కి తోసి చూడు. పది అడుగులు చాలు.

సీటు ఎత్తు హిమాలయన్‌కి 825, 845 మిల్లీమీటర్లని రెండు మెట్లు, కేటీఎంకి 830. ఈ అంకెలు చూసి రెండూ ఒకటే అనుకోకు. సీటు ముందు భాగం ఎంత వెడల్పుందో దాన్నిబట్టి కాలు నేలకు అందుతుంది. రోజూ వేసుకునే బూట్లతో వెళ్ళు. వెనక మీ ఆవిడను కూర్చోబెట్టుకున్నాక రెండు కాళ్ల మునివేళ్లూ గట్టిగా ఆనాలి. అందకపోతే హిమాలయన్‌కి తక్కువ ఎత్తు సీటు కంపెనీదే దొరుకుతుంది. సస్పెన్షన్ లింకు మార్చి బండిని కిందికి దించుతామని బయట మెకానిక్ ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇంజిన్ కింద జాగా తగ్గిపోతుంది, సైడ్ స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడుతుంది, గాలికి అవతలికి పడుతుంది.

పడితే లేపటం ముందే నేర్చుకో. తాళం ఆపెయ్. కుడి పక్కకు పడితే లేపే ముందే సైడ్ స్టాండు బయటికి తీసిపెట్టు, లేదంటే లేచిన బండి అటు దొర్లుతుంది. మొదటి గేరులో ఉంచు. సీటుకు వీపు ఆనించి వెనక్కి తిరిగి గొంతుక్కూర్చో. ఒక చెయ్యి కింద ఉన్న హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి వెనక పట్టుకునే కమ్మీ మీద పెట్టి, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపు. నడుం వంచి లాగితే నడుం పోతుంది.

ఎండ గురించి ఎవరూ అడగరు, మన దగ్గర మొదట అడగాల్సింది అదే. రెండింటికీ రేడియేటర్, ఫ్యాన్ ఉన్నాయి. ట్రాఫిక్‌లో ఫ్యాన్ తిరిగితే వేడి గాలి మోకాళ్ల కిందికి కొడుతుంది. ఉదయం ఏడింటికి ఇచ్చే టెస్ట్ రైడ్ వల్ల ఉపయోగం లేదు. మధ్యాహ్నం రెండింటికి అడుగు. నెల్లూరు ట్రంకు రోడ్డులో, వీఆర్సీ సెంటర్ దగ్గర పది నిమిషాలు నత్తనడక నడిపి, ఏ కాలికి వేడి తగులుతుందో, తట్టుకోగలవో చూసుకో. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకి ఆ వేడి రెట్టింపు అనిపిస్తుంది.

ఇంజిన్ తీరు వేరు వేరు. హిమాలయన్ టార్క్, అంటే లాగే బలం, 40 న్యూటన్ మీటర్లు 5500 ఆర్పీఎం దగ్గరే అందుతుంది. కేటీఎం 39 న్యూటన్ మీటర్లు 6500 దగ్గర. అంటే కేటీఎం పైకి లాగితే పాడుతుంది, కింద వదిలేస్తే విసుక్కుంటుంది. పరీక్ష ఇట్టా చెయ్యి: వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, మూడో గేరులో, 30 స్పీడులో, క్లచ్ ముట్టుకోకుండా నెమ్మదిగా యాక్సిలరేటర్ తిప్పు. చైను దడదడలాడిందా, సాఫీగా పోయిందా? ఉదయగిరి పక్క పల్లె దారుల్లో, స్పీడ్ బ్రేకర్ల మధ్య, గొర్రెల మందల వెనక నీ బండి రోజంతా ఉండేది ఆ స్పీడులోనే. హైవే మీద మాత్రం కేటీఎందే పైచేయి. క్రూయిజ్ కంట్రోల్, క్లచ్ పట్టకుండా గేరు మార్చే క్విక్ షిఫ్టర్, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా మలుపులోనూ కాపాడే ఏబీఎస్, వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ అన్నీ ఉన్నాయి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గట్టిదనం కేటీఎంలో చేత్తోనే తిప్పి మార్చుకోవచ్చు. హిమాలయన్‌లో ఆ వీలు లేదు. కంకర దిగుడులో వెనక ఏబీఎస్ ఆపుకునే వీలు మాత్రం రెండింట్లోనూ ఉంది.

ఇప్పుడు టైర్లు. ఇక్కడ నిదానంగా చదువు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రోడ్డు పక్కన ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే. కంప కొట్టి ట్రాక్టర్లో వేసుకుపోతుంటే రోడ్డంతా ముళ్లు రాలతాయి. ట్యూబు టైరులో ముల్లు దిగితే నిమిషాల్లో గాలి దిగిపోతుంది. అప్పుడు చక్రం విప్పాలి, టైరు ఊడదీయాలి, ట్యూబు తీసి ప్యాచ్ వెయ్యాలి. 21 అంగుళాల ట్యూబు పల్లెల్లోని పంక్చర్ షాపులో దొరకదు. ట్యూబ్‌లెస్ అయితే ముల్లు లోపలే ఇరుక్కుని గాలిని పట్టి ఉంచుతుంది, మెల్లగా షాపు దాకా పోవచ్చు.

కాబట్టి హిమాలయన్ కొంటే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాల వేరియంటే కొను. ఉన్న డబ్బుకి రంగు ఎంచుకోవటం కన్నా ఇది ముఖ్యం. కేటీఎంలోనూ నీ ముందున్న బండి చక్రం చూసే మాట్లాడు. స్పోకు చివరలు రిమ్ము నడిమధ్యలోంచి దూరితే మామూలుగా అది ట్యూబుది. అంచుల దగ్గర బిగించి ఉంటే ట్యూబ్‌లెస్. బిల్లులో కూడా రాయించుకో.

ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు, చిన్న బ్యాటరీ పంపు బండిలో ఎప్పుడూ ఉండాలి. వెయ్యటం ఇట్టా: సబ్బు నీళ్లు పోసి బుడగలు వచ్చే చోటు పట్టుకో. ముల్లు ఏ వాటంగా దిగిందో చూసుకుని కటింగ్ ప్లేయర్‌తో లాగు. అదే వాటంలో ఆకురాయి సూదిని నాలుగైదు సార్లు లోపలికీ బయటికీ ఆడించు, రంధ్రం గరుకవుతుంది. ప్లగ్ తాడును సూదిలో సగానికి ఎక్కించి, గమ్ము పూసి, బయట రెండు కొసలూ సెంటీమీటరున్నర మిగిలేదాకా నొక్కు. మెలి తిప్పకుండా సూదిని సూటిగా ఒక్కసారి లాగెయ్. మెలి తిప్పితే తాడు సూదితో పాటే వచ్చేస్తుంది, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. మిగిలిన కొసలు 3 మిల్లీమీటర్లు ఉంచి కోసెయ్, గాలి పట్టించి మళ్లీ సబ్బు నీళ్లు పోసి చూడు. టైరు పక్క గోడకు పడిన చిల్లికి ఇది పనికిరాదు. అక్కడ టైరు మార్చాల్సిందే.

మైపాడు, కొత్తపట్నం బీచ్ ఇసుకలోకి దించాలని నీకు ఉంటుంది. గాలి 20 పీఎస్ఐ కన్నా తగ్గించొద్దు, రిమ్ము అంచు నుంచి టైరు జారుతుంది. రోడ్డెక్కాక మళ్లీ స్టిక్కర్ మీదున్న లెక్కకి పట్టించు. ఆ రోజే మంచినీళ్లతో కడుగు. స్పోకులకి, చైనుకి ఉప్పు ఒక్క రాత్రి ఉన్నా తుప్పు మొదలవుతుంది. చైనుని ఇనుప బ్రష్షుతో రుద్దకు, లోపలి రబ్బరు రింగులు తెగుతాయి. కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక లూబ్ కొట్టు. 500 కిలోమీటర్లకోసారి చాలు, ఇసుకలో తిరిగితే అదే రోజు.

పెట్రోలు లెక్క చూద్దాం. హిమాలయన్ ట్యాంకు 17 లీటర్లు, కేటీఎంది సుమారు 14. రెండింట్లోనూ చివరి 3 లీటర్లు లేవనుకో. లీటరుకి 28 వచ్చిందనుకుంటే ఒకటి 392 కిలోమీటర్లు, ఇంకోటి 308. నెల్లూరు నుంచి ఒంగోలు, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం సుమారు 300. హిమాలయన్ అయితే ఇంట్లో నింపుకుని వెళ్లిపోవచ్చు. కేటీఎం అయితే మార్కాపురంలోనో దోర్నాలలోనో పోయించుకునే ఘాటెక్కు. దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారని గుర్తుపెట్టుకుని బయలుదేరు.

అదే దారిలో చీమకుర్తి ఉంది. గ్రానైట్ లారీల వెనక పోయేటప్పుడు రాతి ముక్కలు ఎగిరివస్తాయి. ఏ బండి కొన్నా మొదటి రోజే రేడియేటర్ గార్డు వేయించు. ఇంజిన్ గార్డు, హ్యాండ్ గార్డులు ఆ తర్వాత. మిగతా అలంకారాలు ఆరు నెలలు ఆగొచ్చు.

కొనే ముందు షోరూం ముందు గదిలో కాదు, వెనక సర్వీసు కౌంటర్లో నిలబడి అడుగు. క్లచ్ లీవరు, ముందు బ్రేకు ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్, రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్ ఈ ఐదూ ఇప్పుడు స్టాకులో ఉన్నాయా, లేకపోతే ఎన్ని రోజులకు వస్తాయి, ఒక్కోటి ఎంత? రెండు కంపెనీల కౌంటర్లలోనూ ఇవే ఐదు అడిగి రాసుకో. నెల్లూరులోనూ ఒంగోలులోనూ అడుగు. ఈ కాగితం ఆ పీఎస్ కాగితం కన్నా విలువైంది.

ధర విషయంలో ఒక మాట. 350 సీసీ దాటిన బండ్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. పాత కొటేషన్లు పట్టుకుని బేరం ఆడొద్దు. ఆన్‌రోడ్ కాగితంలో ఎక్స్ షోరూం, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు విడివిడిగా రాయించుకో. హ్యాండ్లింగ్ ఛార్జీలని ఏదైనా కనిపిస్తే కొట్టేయమను. కొత్త బండికి థర్డ్ పార్టీ ఐదేళ్లకి తప్పనిసరి, కానీ ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని రూలేమీ లేదు. బయట ధర కనుక్కుని, జీరో డిప్రిసియేషన్ (పార్టులు పాతబడ్డాయని క్లెయిములో కోత పెట్టని రకం) కలిపి పోల్చుకో.

నీ సంగతి తేల్చి చెప్పమంటే, వారానికోసారి ఉదయగిరి పొలం, నెలకోసారి మీ ఆవిడతో డబుల్స్ మార్కాపురం, ఏడాదికోసారి శ్రీశైలం అన్నావు. నీకు హిమాలయన్ ట్యూబ్‌లెస్ సరిపోతుంది. తక్కువ స్పీడులో సాఫీగా లాగటం, పెద్ద ట్యాంకు, ఇద్దరెక్కినా కుదురుగా ఉండటం దానికే ఉన్నాయి. 13 కిలోల బరువు ఒక్కటే నువ్వు భరించాల్సింది. ఒంటరిగా తిరిగేవాడివై, నెలకి రెండుసార్లు చెన్నై హైవే ఎక్కేవాడివై ఉంటే కేటీఎం తీసుకోమనేవాణ్ణి. టెస్ట్ రైడ్‌లో నీ కాలో, నీ నడుమో వేరే మాట చెబితే దాని మాటే విను. రెండూ ఒకే రోజు, ఒకే దారిలో నడుపు. ఒకటి, తర్వాత రెండోది, మళ్లీ మొదటిది. మీ ఆవిణ్ణి తప్పకుండా తీసుకెళ్ళు, వెనక సీటు తీర్పు తనది.

డెలివరీ రోజు పగటి వెలుగులో వెళ్ళు. టైరు మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది, 1225 అంటే 2025లో 12వ వారం తయారైందని. ఆరు నెలలు దాటితే అడుగు. ఫోర్క్ కడ్డీల మీద నూనె జిడ్డు, రిజర్వాయర్లో కూలెంట్ మట్టం, రెండు తాళాలు, టూల్ కిట్టు చూసుకో. స్పోకులని చిన్న స్పానరుతో ఒక్కొక్కటే తట్టు. అన్నీ ఒకే రకంగా మోగాలి. ఒకటి మొద్దుగా డబ్‌మని పలికితే అది వదులుగా ఉన్నట్టు, అక్కడే బిగించమను. మొదటి సర్వీసు హిమాలయన్‌కి 500 కిలోమీటర్లకి, కేటీఎంకి 1000కి. తేదీ దాటనివ్వకు, వారంటీ మాట వస్తుంది.

ఐదు పార్టుల కాగితం రాసుకున్నాక ఒక ఫోటో తీసి నాకు పంపు, చూసి చెప్తాను. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య,
ఒంగోలు